అడగకుండానే తలుపు తీసిన గదులు

ఖాళీ గది. పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు, గోడకు పెద్ద టీవీ, టీవీ పైన ఓ కెమెరా. మీటింగ్ అయిపోయిందో, ఇంకా మొదలు కాలేదో తెలియదు. లోపల మనిషి జాడ లేదు. అయినా కెమెరా కదిలింది.

ఈ మూల నుంచి ఆ మూల దాకా నింపాదిగా గదంతా చూసింది. బల్ల చెక్క మీది గీతలు కనిపించేంత దగ్గరికి వెళ్లింది. గోడ మీద రంగు పెచ్చుల దగ్గర ఆగింది. ఇలాంటిదే ఇంకో గదిలో దానికి కిటికీ దొరికింది. అద్దం దాటి, కార్లు నిలిపే ఆవరణ దాటి, యాభై గజాల అవతలి పొదల్లోకి చూసింది. ఒక పొద కింద ఏదో చిన్న జంతువు మన్ను తవ్వుకుంటోంది. అదీ కనిపించింది.

2012 జనవరిలో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. కెమెరాను తిప్పుతున్న మనిషి ఆ గదుల్లో లేడు, ఆ భవనాల్లోనూ లేడు. తన కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ కదుపుతున్నాడు. ఆ ఒక్క పూటలో ప్రపంచంలో వేర్వేరు చోట్ల ఉన్న డజను సమావేశ గదులు చుట్టి వచ్చాడు. పాస్‌వర్డ్ ఏదీ ఛేదించలేదు. వైరస్ పంపలేదు. ఏ ఉద్యోగికీ మాయమాటలు చెప్పలేదు. మామూలుగా కాల్ చేశాడు. అవతల యంత్రం దానంతట అదే కాల్ ఎత్తింది.

అతని పేరు హెచ్.డి. మూర్. కంప్యూటర్ భద్రత రంగంలో ఉన్నవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. వ్యవస్థల్లో లొసుగులు ఎక్కడున్నాయో పరీక్షించేందుకు 2003లో మెటాస్‌ప్లాయిట్ అనే సాధనాన్ని తయారుచేసి, అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టినవాడు. 2009లో ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ ఆ ప్రాజెక్టును కొనుక్కుంది. మూర్ అప్పట్లో ఆ సంస్థలో ప్రధాన భద్రతాధికారి. అంటే దొంగతనానికి వెళ్లినవాడు కాదు. ఏయే తలుపులకు గడియ లేదో చూసి, ఆ ఇళ్లవాళ్లను హెచ్చరించడానికి బయల్దేరినవాడు.

2012 జనవరి 22న న్యూయార్క్ టైమ్స్‌లో నికోల్ పెర్ల్‌రాత్ రాసిన కథనంతో సంగతి లోకానికి తెలిసింది. కోట్ల డాలర్లు పోసి ల్యాప్‌టాప్‌లకూ ఈమెయిళ్లకూ కాపలా పెట్టుకున్న కంపెనీలు, అసలు రహస్యాలు మాట్లాడుకునే గదిని మాత్రం బార్లా తెరిచి పెట్టుకున్నాయి.

రెండు గంటల గాలింపు

వీడియో కాన్ఫరెన్స్ పరికరాలు నెట్‌వర్క్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఒక ఒప్పందం ఉండాలి. అలాంటి ఒప్పందాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1996లో ఖరారు చేసింది. దాని పేరు హెచ్.323. ఈ పద్ధతిలో పనిచేసే పరికరం తనకు వచ్చే కాల్స్ కోసం 1720 అనే నంబరు గల పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. ఆ పోర్టుకు వెళ్లి పలకరిస్తే జవాబిస్తుంది. తానెవరో, ఏ కంపెనీ తయారీయో కూడా చాలాసార్లు చెప్పేస్తుంది.

మూర్ ఒక ప్రోగ్రామ్ రాశాడు. అది ఇంటర్నెట్ చిరునామాలను వరుసగా తడుతూ పోతుంది. జవాబు వచ్చిన చోట, కాల్ పెడితే మనిషి ప్రమేయం లేకుండా ఎత్తుతోందా అని చూస్తుంది. ఎత్తితే గుర్తు పెట్టుకుంటుంది. రెండు గంటలలోపే అది ఇంటర్నెట్‌లో సుమారు 3 శాతాన్ని గాలించింది. హెచ్.323 వాడే పరికరాలు 2,50,000కు పైగా తేలాయి. వాటిలో 5,000కు పైగా, పిలిచింది ఎవరని అడగకుండానే కాల్ ఎత్తేవి. మిగతా 97 శాతాన్నీ కలిపి అంచనా వేస్తే అలాంటివి లక్షా యాభై వేల దాకా ఉండవచ్చని ర్యాపిడ్7 లెక్కకట్టింది.

ఆ 5,000 గదులు చిన్నాచితకా చోట్లవి కావు. లా ఫర్మ్‌లు, మందుల కంపెనీలు, చమురు శుద్ధి కర్మాగారాలు, విశ్వవిద్యాలయాలు, ఆస్పత్రులు. ఒక లా ఫర్మ్ పరికరంలో దాచుకున్న అడ్రస్ బుక్ తెరిస్తే అందులో గోల్డ్‌మన్ శాక్స్ బోర్డు రూమ్ అనే పేరు కనిపించింది. ఒక గది తెరుచుకుంటే దానికి నమ్మకస్తులైన గదులన్నిటికీ దారి దొరుకుతుందన్నమాట. తమ యంత్రాన్ని ఎంతో జాగ్రత్తగా అమర్చుకున్న సంస్థ కూడా, తన లాయరు గదిలో ఎవరో వదిలేసిన ఒక సెట్టింగ్ వల్ల చిక్కులో పడొచ్చు.

గదిలో మనుషులున్నప్పుడు కాల్ వస్తే తెలియదా అని అనుమానం రావచ్చు. టీవీ ఆన్‌లో ఉంటే తెలుస్తుంది. చాలాచోట్ల మీటింగ్ కాగానే టీవీ కట్టేస్తారు, కింద ఉన్న వీడియో పరికరాన్ని కట్టరు. అప్పుడు కెమెరా మెల్లగా తల తిప్పడం తప్ప వేరే ఆనవాలు ఉండదు. తల ఎత్తి దాన్ని గమనించేది ఎవరు? మూర్ తన ప్రయోగాల్లో ఇంకా ముందుకెళ్లాడు. ఇరవై అడుగులకు పైగా దూరంలో అంటించిన చిన్న కాగితం మీది ఆరంకెల పాస్‌వర్డ్‌ను కెమెరాతో చదివాడు. మనిషి కీబోర్డు మీద కొడుతుంటే వేళ్ల కదలికను దగ్గరగా చూసి పాస్‌వర్డ్ పట్టేశాడు. గది బయట నడవాలో మాట్లాడుకుంటున్న మాటలు కూడా మైకులో వినిపించాయి. నాణ్యమైన పరికరాలు కాబట్టే ఇదంతా సాధ్యమైంది. నాసిరకం కెమెరా అయితే ఇంత ప్రమాదం ఉండేది కాదు.

ఎవరి కోసం ఆ సౌకర్యం?

మూర్ గాలింపులో తేలిన తయారీదార్ల జాబితాలో పాలికామ్, సిస్కో, లైఫ్‌సైజ్, సోనీ వంటి పేర్లు కనిపించాయి. కాల్‌ను దానంతట అదే ఎత్తే ఆటో ఆన్సర్‌ను ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో పెట్టి పంపుతున్నది పాలికామ్ ఒక్కటేనని న్యూయార్క్ టైమ్స్ కథనం చెప్పింది. అప్పటికి అమ్మకాల సంఖ్యలో మార్కెట్‌లో ముందున్నదీ అదే.

పాలికామ్‌ను దుర్మార్గపు కంపెనీగా చూపించి ఈ కథ ముగించడం సులువు. అది న్యాయం కాదు. 1990లో మొదలైన ఆ సంస్థ, బల్ల మధ్యలో మూడు కాళ్లతో కూర్చునే కాన్ఫరెన్స్ ఫోన్‌తో ప్రపంచమంతటికీ తెలిసింది. 1998లో వచ్చిన వ్యూస్టేషన్ అనే పెట్టె, అంతదాకా నిపుణులు ఉంటే తప్ప నడవని వీడియో కాన్ఫరెన్స్‌ను మామూలు ఆఫీసు మనిషి చేతికి తెచ్చింది. వాడకం తేలిక చేయడమే ఆ కంపెనీ బతుకుదెరువు, పేరు ప్రతిష్ఠ కూడా. ఆటో ఆన్సర్ కూడా ఆ ఆలోచనలోంచి పుట్టిందే.

అది ఎందుకు అవసరమనిపిస్తుందో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కలెక్టర్లతో ముఖ్యమంత్రి వీడియో కాన్ఫరెన్స్ అనే వార్త మన పత్రికల్లో పాతికేళ్లుగా వస్తూనే ఉంది. వీడియో కాన్ఫరెన్స్ ఉన్న రోజు కలెక్టరేట్‌లో ఆపరేటర్ పరిస్థితి ఎలా ఉంటుందో ఆ గదిలో ఒక్కసారి కూర్చున్నవాళ్లకు తెలుసు. గంట ముందే వచ్చి లైను చూసుకుంటాడు. మైకులు ఒక్కొక్కటీ తట్టి చూస్తాడు. ‘సార్, వినిపిస్తోందా?’ అని అవతలి వాళ్లను పదిసార్లు అడుగుతాడు. కలెక్టరు, జాయింట్ కలెక్టరు, జిల్లా అధికారులు వరసగా కూర్చున్నాక, రాజధాని నుంచి కాల్ వచ్చిన క్షణాన రిమోట్ కనిపించకపోతే? బ్యాటరీ అయిపోతే? తెర నల్లగా ఉన్న ఆ అర నిమిషం అందరి చూపులూ ఆపరేటర్ మీదే. ఆ మనిషికి ఆటో ఆన్సర్ వరం. కాల్ రాగానే బొమ్మ పడుతుంది, అతని ఉద్యోగానికి మచ్చ రాదు. అమెరికా బోర్డు రూముల్లోనూ ఇదే భయం, ఇదే ఊరట. ఖర్చు పెట్టి కొన్న పరికరం పెద్దవాళ్ల ముందు మొరాయించకూడదు.

మొదట్లో దీనితో పెద్ద ప్రమాదం ఉండేది కాదు. ఆ రోజుల్లో వీడియో కాల్స్ ఐఎస్‌డీఎన్ టెలిఫోన్ లైన్ల మీద నడిచేవి. గదిలోకి రావాలంటే ఆ లైను నంబరు తెలియాలి, చేసిన ప్రతి కాల్‌కూ బిల్లు కట్టాలి. ప్రపంచంలోని నంబర్లన్నీ వరుసగా తట్టి చూడటం ఎవరికీ గిట్టుబాటు కాదు. తర్వాత పరికరాలు ఇంటర్నెట్ మీదికి మారాయి. బిల్లు పోయింది, దూరం పోయింది. రెండు గంటల్లో కోట్ల చిరునామాలు తట్టే ప్రోగ్రామ్ ఉచితంగా నడుస్తుంది. గది చుట్టూ ఉన్న గోడ మాయమైంది. ఆటో ఆన్సర్ మాత్రం పాత చోటే ఉండిపోయింది. మారిన కాలానికి ఆ సెట్టింగ్‌ను మళ్లీ ఆలోచించాల్సినవాళ్లు ఆలోచించలేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడుంది.

బయటి కాల్స్‌ను అడ్డుకోవాల్సిన ఫైర్‌వాల్ ఏమైందన్న ప్రశ్న మిగిలే ఉంది. హెచ్.323 కాల్ మొదలయ్యేది 1720 పోర్టులోనే కానీ, ఆ తర్వాత మాటకు ఒకటి, బొమ్మకు ఒకటి, కెమెరా తిప్పడానికి ఒకటి చొప్పున అప్పటికప్పుడు వేరే పోర్టులు ఎంచుకుంటుంది. ఏ పోర్టు తెరవాలో ఫైర్‌వాల్‌కు ముందుగా తెలియదు. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ ఆగిపోతుంది. దీనికి సరైన విరుగుడు ఉంది. గేట్‌కీపర్ అనే సర్వర్‌ను మధ్యలో పెట్టి, కాల్స్ అన్నీ దాని ద్వారా నడిపించాలి. దానికి డబ్బు, తెలిసిన మనిషి, రెండు మూడు రోజుల ఓపిక కావాలి. రేపు పొద్దున బోర్డు మీటింగ్ పెట్టుకుని ఈ రాత్రి పరికరం బిగిస్తున్న టెక్నీషియన్ దగ్గర ఆ మూడూ ఉండవు. పరికరాన్ని ఫైర్‌వాల్ బయటకు మార్చేస్తాడు. వెంటనే పనిచేస్తుంది. అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత దాన్ని మళ్లీ లోపలికి తెచ్చే పని ఎవరి జాబితాలోనూ ఉండదు.

మూడు గదులు

మూర్ జాబితాలోని మూడు గదుల గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి.

ఒక గదిలో కొత్త కంపెనీ వాళ్లు పెట్టుబడి కోసం వచ్చారు. వాళ్ల ఆర్థిక లెక్కలు తెర మీద వేసి చూపిస్తున్నారు. రెండోది ఒక విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఆపరేషన్ థియేటర్. మూడోది ఒక జైల్లో ఖైదీ తన లాయరుతో మాట్లాడే గది.

ఈ మూడు చోట్లా యంత్రం కొన్నది ఎవరు, సెట్టింగ్ ఎంచుకున్నది ఎవరు, దాని వల్ల సుఖపడింది ఎవరు? మదుపు సంస్థ, ఆస్పత్రి యాజమాన్యం, జైలు అధికారులు. అందులో గుట్టు బయటపడేది ఎవరిది? తన కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవడానికి వచ్చిన యువకుడిది. మత్తులో బల్ల మీద పడుకుని ఉన్న రోగిది. శిక్షో విడుదలో తేలాల్సిన ఖైదీది. వీళ్లలో ఎవరినీ ఎవరూ అడగలేదు. అడగాలని కూడా వీళ్లకు తెలియదు. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితాల్లో, పైన ఉన్న కెమెరా ఎవరు పిలిచినా పలుకుతుందని ఎవరు రాస్తారు?

లాయరుకు చెప్పిన మాట మూడో చెవిన పడకూడదన్నది న్యాయవ్యవస్థకు ప్రాణం. ఆ నమ్మకం లేకపోతే ఖైదీ నిజం చెప్పడు, లాయరు వాదించలేడు. ఎవరో రిమోట్ వెతుక్కునే శ్రమ తగ్గించడానికి పెట్టిన ఒక్క సెట్టింగ్ ఆ నమ్మకాన్ని నిలువునా కూల్చేసింది. సౌకర్యానికీ భద్రతకూ మధ్య తూకం అని అందరం తేలికగా అనేస్తాం. తూకం వేసేటప్పుడు సౌకర్యం ఎవరిది, ప్రమాదం ఎవరిది అని చూడకపోతే అది తూకమే కాదు.

మన దగ్గరా ఇది దూరపు కథ కాదు. రిమాండ్ పొడిగింపు కోసం ఖైదీని కోర్టుకు తీసుకెళ్లకుండా జైలు నుంచే వీడియోలో జడ్జి ముందు హాజరుపరచడం ఇప్పుడు మామూలు విషయం. పల్లెల్లో ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని ద్వారా దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడుతున్న రోగులు ఎందరో. వ్యాను ఖర్చు తప్పింది, ఎస్కార్టు పోలీసుల కోసం ఎదురుచూపులు తప్పాయి, జ్వరంతో బస్సెక్కి పట్నం పోవడం తప్పింది. ఇంత మేలు చేసే సాధనాన్ని భద్రత పేరు చెప్పి వద్దనడం మూర్ఖత్వం. అందుకే దాన్ని బిగించేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మూర్ బయటపెట్టిన విషయం మీద వీడియో పరిశ్రమలో ఉన్న కొందరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఖాళీ గదిలోకి తొంగిచూడటం హ్యాకింగ్ ఎలా అవుతుందన్నారు. కాల్ వస్తే టీవీ వెలుగుతుంది కదా అన్నారు. సెట్టింగ్ మార్చుకునే వీలు ఇచ్చాం, కావలసినవాళ్లు మార్చుకోవచ్చన్నది తయారీదార్ల మాట. చివరి మాట నిజమే. వీలు ఉంది. కానీ పెట్టె విప్పిన రోజు ఉన్న సెట్టింగే పరికరం మూలపడే దాకా ఉంటుందన్నది కూడా నిజం. మెనూలో నాలుగు అరల లోపల ఉన్న మార్పును ఎవరో వెతికి చేస్తారని ఆశించడం బాధ్యతను పక్కవాడి మీదికి తోసేయడమే.

ఒక్క క్లిక్, ఒక్క అంకె

ఆ తర్వాత ఏడేళ్లకు అదే కథ మరో రూపంలో వచ్చింది. 2019 జులై 8న జోనాథన్ లైట్‌షూ అనే పరిశోధకుడు జూమ్ గురించి ఒక నిజం వెల్లడించాడు. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ గుట్టుగా ఒక చిన్న వెబ్ సర్వర్‌ను నడుపుతోంది. ఏదైనా వెబ్‌సైట్ ఆ సర్వర్‌ను పలకరించి, మనిషి అనుమతి అడగకుండానే అతన్ని వీడియో మీటింగ్‌లోకి లాక్కుపోవచ్చు, కెమెరా కూడా ఆన్ కావచ్చు. జూమ్‌ను తీసేసినా ఆ సర్వర్ పోదు. మీటింగ్ లింకు తగిలితే జూమ్‌ను మళ్లీ తెచ్చి పెట్టేస్తుంది. ఇంత ఎందుకు చేశారు? సఫారీ బ్రౌజర్ కొత్త వెర్షన్ ‘జూమ్ తెరవమంటారా?’ అని ఒకసారి అడగడం మొదలుపెట్టింది. ఆ ఒక్క క్లిక్ తప్పించడానికి. కంపెనీ మొదట దీన్ని సమర్థించుకుంది, మర్నాడే వెనక్కి తగ్గింది. ఆపిల్ సంస్థ స్వయంగా రంగంలోకి దిగి, ఆ సర్వర్‌ను తొలగించే అప్‌డేట్‌ను మ్యాక్‌లన్నిటికీ పంపింది.

2020 జనవరిలో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. తోచిన మీటింగ్ నంబర్లు అల్లి చూస్తే వాటిలో సుమారు 4 శాతం నిజమైన జూమ్ మీటింగ్‌లకే తగిలాయి. ఇది మూర్ తట్టిన తలుపుల కథే. అంతలో కరోనా వచ్చింది. 2019 డిసెంబరులో రోజుకు కోటి మంది పాల్గొనే జూమ్ మీటింగ్‌లలో 2020 మార్చి నాటికి 20 కోట్ల మంది చేరారు. పిల్లల పాఠాల్లోకి, ప్రార్థనల్లోకి, సంతాప సభల్లోకి ఆగంతకులు చొరబడి బూతులు, బొమ్మలు పెట్టారు. ఏప్రిల్ మొదటి వారంలో జూమ్ పాస్‌వర్డ్‌నూ, వెయిటింగ్ రూమ్‌నూ ముందే ఆన్‌లో పెట్టేసింది. మన కేంద్ర హోం శాఖ కూడా ఆ నెల 16న జూమ్ సురక్షితం కాదని, ప్రభుత్వ పనులకు వాడొద్దని హెచ్చరించింది. జనం వాడటం మానలేదు. ఒక నిమిషం వెయిటింగ్ రూమ్‌లో ఆగడం అలవాటు చేసుకున్నారు. ముందే అలా పెట్టి ఉంటే అప్పుడూ అలవాటు చేసుకునేవాళ్లు.

ఇక ఆ ఏడాది నవంబరు 20న జరిగింది నాటకం లాంటి ఘట్టం. ఐరోపా సమాఖ్య రక్షణ మంత్రులు వీడియోలో రహస్య సమావేశం జరుపుతున్నారు. అధ్యక్షత వహిస్తున్నది సమాఖ్య విదేశాంగ విధానాధిపతి జోసెప్ బొరెల్. నెదర్లాండ్స్ రక్షణ మంత్రి ఆంక్ బైలెఫెల్డ్ ట్విటర్ ఖాతాలో ఆ సమావేశానికి సంబంధించిన ఫోటో వచ్చింది. ఫోటోలో లాగిన్ చిరునామా ఉంది. ఆరంకెల పిన్‌లో ఐదు అంకెలు స్పష్టంగా ఉన్నాయి.

ఆరంకెల పిన్‌కు పది లక్షల అవకాశాలు. ఐదు అంకెలు తెలిశాక మిగిలేవి పదే. ఆర్‌టీఎల్ వార్తా సంస్థ పాత్రికేయుడు డానియల్ వెర్లాన్ ఒక్కొక్కటీ కొట్టి చూశాడు. తెర మీద ఐరోపా రక్షణ మంత్రుల ముఖాలు వరసగా ప్రత్యక్షమయ్యాయి. వాళ్ల మధ్య అతని ముఖమూ పడింది. అతను చెయ్యి ఊపాడు. కొందరికి నవ్వాగలేదు. ఎవరు నువ్వని బొరెల్ అడిగాడు. నెదర్లాండ్స్ పాత్రికేయుణ్నని, అడ్డు వచ్చినందుకు మన్నించమని అతను బదులిచ్చాడు. రహస్య సమావేశంలోకి చొరబడటం నేరమని, పోలీసులు రాకముందే వెళ్లిపోవడం మంచిదని బొరెల్ చెప్పాడు. వెర్లాన్ వెళ్లిపోయాడు.

అతను చెయ్యి ఊపాడు కాబట్టి తెలిసింది. ఊపని మనిషి వచ్చి ఉంటే?

ఫోటో పొరపాటున పెట్టింది ఒక ఉద్యోగి అని మంత్రిత్వ శాఖ చెప్పింది. ఆ ఉద్యోగి మీద కోప్పడి లాభం లేదు. ఇరవై ఏడు దేశాల రక్షణ రహస్యాలకు అడ్డుగా ఉన్నది ఒక పిన్, అదీ ఫోటోలో పడేట్టు తెర మీద ఉండే పిన్. కొత్తగా వచ్చినవాణ్ని లోపలికి రానిచ్చే ముందు ఒక మనిషి చూసి ఔననే ఏర్పాటు ఉంటే, ఫోటో లోకమంతా తిరిగినా నష్టం లేకపోయేది.

జర్మనీలో 2024 ఫిబ్రవరి 19న వైమానిక దళాధిపతి ఇంగో గెర్హార్ట్స్, మరికొందరు అధికారులు వెబెక్స్‌లో టారస్ క్షిపణుల గురించి మాట్లాడుకున్నారు. మార్చి 1న ఆ సంభాషణ రష్యా ప్రభుత్వ మీడియా చేతిలో ఉంది. వైమానిక ప్రదర్శన కోసం సింగపూర్ వెళ్లిన ఒక అధికారి, హోటల్ నుంచి భద్రత లేని కనెక్షన్‌తో ఆ కాల్‌లో చేరడమే కారణమని రక్షణ మంత్రి బోరిస్ పిస్టోరియస్ తేల్చారు. హోటల్ గదిలో అందుబాటులో ఉన్నది వాడేయడం ఎవరికైనా తేలిక. సురక్షితమైన దారి కూడా అంతే తేలికగా ఉండి ఉంటే ఆ అధికారి దాన్నే ఎంచుకునేవాడేమో.

గది గోడే కాపలా

భద్రత పెంచాలంటే వాడకం కష్టం చేయాల్సిందే అన్న వాదనను నేను ఒప్పుకోను. కష్టంగా ఉన్న భద్రతను మనుషులు నిలవనివ్వరు. పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెడితే గోడకు కాగితం అంటిస్తారు. ఆ కాగితాన్ని ఇరవై అడుగుల నుంచి చదివే కెమెరా దానికి ఎదురుగానే ఉంటుంది. అతిథి ల్యాప్‌టాప్ తెరను టీవీ మీదికి తేవడానికి పావుగంట పడితే, ఎవరో పెన్‌డ్రైవ్ తీసి ఆఫీసు కంప్యూటర్‌లో గుచ్చేస్తారు. అది ఇంకా ప్రమాదం.

తెలివిగా ఆలోచించిన పద్ధతులు ఉన్నాయి. ఆపిల్ టీవీకి ఫోన్ తగిలించబోతే టీవీ తెర మీద నాలుగంకెల కోడ్ కనిపిస్తుంది. దాన్ని చూసి కొట్టాలి. గదిలో ఉన్నవాడికి రెండు సెకన్ల పని, గది బయట ఉన్నవాడికి కనిపించదు. గుర్తుపెట్టుకోవాల్సిందీ రాసుకోవాల్సిందీ ఏమీ లేదు. సిస్కో ఇంకో అడుగు వేసింది. దాని గది పరికరాలు మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్‌లో ఒక సంకేతం పంపుతాయి. ఫోన్ మైకు దాన్ని వింటేనే జత కుదురుతుంది. వైఫై గోడలు దాటిపోతుంది, అంత పై స్థాయి శబ్దం మూసిన తలుపు దాటి పెద్దగా పోదు. గదిలోకి రానిచ్చారంటే మనిషిని నమ్మినట్టే, కాబట్టి గది గోడలనే తాళంగా వాడుకున్నారు. వాడేవాడు చేయాల్సింది ఏమీ లేదు. ఈ ఆలోచన నాకు ఎంతో అందంగా తోస్తుంది.

కాల్ సంగతికి వస్తే, క్యాలెండర్‌లో మీటింగ్ ఉంటే సమయానికి గది తెర మీద ఒక బటన్ వస్తుంది. దాన్ని నొక్కితే చాలు, పాస్‌వర్డ్ సంగతి గది ఖాతా, సర్వర్ చూసుకుంటాయి. కలెక్టరేట్ ఆపరేటర్‌కు ఆటో ఆన్సర్ ఇచ్చిన ఊరట ఈ బటన్ కూడా ఇస్తుంది. తేడా ఒక్కటే, మనిషి చెయ్యి పడితే గానీ కాల్ కలవదు. పని లేనప్పుడు కెమెరాకు మూత, మైకు ఆగిందని చెప్పే ఎర్ర దీపం, ఇవేవీ కొత్త ఆవిష్కరణలు కావు.

కొత్తవన్నీ లోపం లేనివని కాదు. 2019లో టెనబుల్ సంస్థ పరిశోధకులు క్రెస్ట్రాన్ ఎయిర్‌మీడియా వంటి వైర్‌లెస్ ప్రెజెంటేషన్ పెట్టెలను విప్పి చూసి 15 లోపాలు పట్టారు. ఒకే లోపలి సాఫ్ట్‌వేర్‌ను వేర్వేరు కంపెనీలు తమ పేర్లతో అమ్ముతున్నాయని కూడా తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో, గుండ్రటి బటన్ నొక్కగానే తెర పంచుకునే బార్కో క్లిక్‌షేర్‌లో ఎఫ్-సెక్యూర్ సంస్థ వాళ్లు లోపాలు చూపించారు. బార్కో సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. గది గోడకు బిగించిన పెట్టెకు అప్‌డేట్ ఎవరు వేస్తారన్నది మాత్రం ప్రతి ఆఫీసూ తేల్చుకోవాల్సిన ప్రశ్న. ల్యాప్‌టాప్‌కు యజమాని ఉంటాడు. మీటింగ్ గది టీవీ అందరిదీ, అందుకే ఎవరిదీ కాదు. ఒక పేరు రాసి పెట్టండి.

మన జైళ్లలో, కోర్టుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో, కలెక్టరేట్లలో వీడియో పరికరాలు టెండర్ల ద్వారానే వస్తాయి. టీవీ ఎన్ని అంగుళాలు, కెమెరా ఎంత దూరం చూడాలి, వారంటీ ఎన్నేళ్లు అన్నవి టెండర్ పత్రాల్లో వివరంగా రాస్తారు. వాటి పక్కన ఇంకో మూడు షరతులు చేర్చాలి. ఆటో ఆన్సర్ ఆఫ్‌లో పెట్టి అప్పగించాలి. పరికరం నేరుగా ఇంటర్నెట్‌కు కనిపించకూడదు. కెమెరాకు మూత ఉండాలి, ఆ మూత వేసే హక్కు గదిలో కూర్చున్న రోగికీ ఖైదీకీ కూడా ఉండాలి.